రాక్షసి బొగ్గు, పత్తికట్టె బొగ్గు

మా బాపమ్మ ఉన్నన్నాళ్లూ సింగరేణి నుంచి వచ్చేదాన్ని ఒట్టి బొగ్గు అనలేదు, రాక్షసి బొగ్గు అనేది. ఆమె లెక్కలో బొగ్గు అంటే కట్టె కాలిస్తే వచ్చేది, చలికాలం కుంపట్లో వేసుకునేది, కమ్మరాయన కొలిమి పక్కన గంపలో ఉండేది. భూమిని తవ్వి తీసే నల్లరాయి వేరు, దానికి ఆ పేరే సరి. ఒక తరం తిరిగేసరికి మాట తిరగబడింది. ఇప్పుడు బొగ్గు అనగానే గని గుర్తొస్తుంది, కట్టెది అని చెప్పాలంటే ముందు ఇంకో మాట తగిలించాలి.

నేను ఒక స్పాంజ్ ఐరన్ (ఖనిజాన్ని కరిగించకుండా తీసే ఇనుము) ప్లాంటు ల్యాబ్‌లో పదమూడేళ్లుగా పని చేస్తున్నాను. రోజూ చేతికంటేది రాక్షసి బొగ్గే. దాని తేమ ఎంత, బూడిద ఎంత, ఫిక్స్‌డ్ కార్బన్ (వేడికి ఆవిరైపోకుండా మిగిలే కార్బన్) ఎంత అని తేల్చి, కిల్న్ (ఇనుము తయారయ్యే తిరిగే గొట్టపు బట్టీ) వాళ్లకు కాగితం పంపడం నా డ్యూటీ. రెండేళ్ల నుంచి మాత్రం బాపమ్మ బొగ్గు మీద పడ్డాను. ఇప్పుడు దాని పేరు బయోచార్. ఉక్కు తయారీలో గని బొగ్గు బదులు దీన్ని వాడితే గాల్లోకి పోయే కార్బన్ తగ్గుతుందని చాలా దేశాల్లో పని నడుస్తోంది. అందులో ఎంత నిజముంది, మన దగ్గర ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నది నాకు అర్థమైనంత మేరకు రాసుకుంటూ పోతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఇది ఖనిజాన్ని కరిగించే పెద్ద బ్లాస్ట్ ఫర్నేస్‌ల కంటే మా లాంటి చిన్న కిల్న్‌లకే ఎక్కువ అక్కరకొస్తుంది, అదీ చేనులో ఊరికే కాలబెట్టే కట్టెతో చేస్తేనే. దీనికోసం అడవి నరికితే చేసిన మేలంతా అక్కడే పోతుంది.

ఉక్కు ఫ్యాక్టరీలో బొగ్గును వేడి కోసమే కాలుస్తారని చాలామంది అనుకుంటారు. మా ఇంట్లో వాళ్లూ అలాగే అనుకునేవాళ్లు. అసలు సంగతి వేరే ఉంది. ఇనుప ఖనిజం అంటే ఇనుము, ఆక్సిజన్ గట్టిగా పట్టుకుని ఉన్న రాయి, తుప్పుకు దగ్గరి చుట్టం. ఆ రెంటినీ విడదీయాలంటే ఆక్సిజన్‌ను ఇనుము దగ్గర్నుంచి లాక్కోగలిగింది ఒకటి కావాలి, ఆ పని కార్బన్ చేస్తుంది. బొగ్గు సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది, అది ఖనిజంలో ఉన్న ఆక్సిజన్‌ను పట్టుకుని కార్బన్ డయాక్సైడ్‌గా మారి చిమ్నీలోంచి పోతుంది. కాబట్టి వేడంతా సోలార్ కరెంటుతో తెచ్చుకున్నా సరే, ఈ లాక్కునే పని ఎవరో ఒకరు చేయాల్సిందే. హైడ్రోజన్ కూడా చేస్తుంది, స్వీడన్‌లో హైబ్రిట్ ప్రాజెక్టు వాళ్లు 2021లో అలా ఇనుము తీసి చూపించారు, కానీ దానికి కావాల్సిన కరెంటు, పెట్టుబడి మా లాంటి ప్లాంట్లకు ఇప్పట్లో అందేవి కావు.

ప్రపంచంలో ఏటా 180 కోట్ల టన్నులకు పైగా ఉక్కు తయారవుతోంది. టన్ను ఉక్కుకు సగటున 1.9 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పైకి పోతోంది. అంటే తయారయ్యే ఉక్కు కంటే పోయే గ్యాస్ బరువే ఎక్కువ. మన దేశం సగటు ఇంకా ఎక్కువ, సుమారు 2.5 టన్నులు. 2024 డిసెంబర్‌లో కేంద్ర ఉక్కు శాఖ గ్రీన్ స్టీల్ అంటే ఏమిటో లెక్క కట్టింది: టన్ను ఉక్కుకు 2.2 టన్నుల లోపు ఉంటేనే ఆ పేరు, 1.6 లోపు ఉంటే ఐదు స్టార్లు. ఇటు యూరప్ వాళ్లు 2026 జనవరి నుంచి బయటి ఉక్కు మీద కార్బన్ పన్ను లెక్క మొదలుపెట్టారు. దాంతో ఇన్నాళ్లూ బూడిద గురించి, రేటు గురించి తప్ప ఇంకేమీ అడగని మేనేజ్‌మెంట్లు కూడా ఇప్పుడు కార్బన్ గురించి అడుగుతున్నాయి.

ఇంతకీ బయోచార్ కొత్తదేం కాదు, నిజం చెప్పాలంటే ఉక్కు పుట్టిందే దాంతో. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరుంది. అక్కడ తయారైన ఉక్కు ముద్దల్ని కొనడానికి పర్షియా నుంచి వర్తకులు వచ్చేవాళ్లు, డమాస్కస్ కత్తులని పేరు మోసిన వాటికి ఇలాంటి దక్షిణాది ఉక్కే మూలం. ఇంగ్లీషు వాళ్లు వూట్జ్ అని రాసుకున్న మాట మన ఉక్కే, తెలుగులోనూ కన్నడలోనూ ఇదే మాట. ఆ పద్ధతిలో మట్టి మూసలో ఇనుము ముక్కలు, వాటితో పాటు ఎండిన కట్టె ముక్కలు వేసి, మూత బిగించి, కర్రబొగ్గు మంటలో గంటల తరబడి తిత్తులు ఊదేవాళ్లు. 19వ శతాబ్దంలో దక్షిణాదిలో ఈ పని చూసి రాసినవాళ్లు మూసలో వేసే కట్టె పేరు కూడా రాశారు: తంగేడు, దాని పైన జిల్లేడు ఆకు. నేను మెటలర్జీ చదివిన నాలుగేళ్లలో ఇది ఎవరూ చెప్పలేదు. తర్వాత ఎప్పుడో చదివినప్పుడు చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. బతుకమ్మలో మా చెల్లెళ్లు పేర్చే తంగేడు, ఆ చెట్టు కట్టెలోని కార్బనే ఇనుములోకి దిగి ఉక్కయింది. ఒకటి, ఒకటిన్నర శాతం కార్బన్, అంతే, దానికోసం సముద్రాలు దాటి వచ్చారు.

అయితే ఆ కథలో రెండో సగం కూడా చెప్పాలి. కర్రబొగ్గుతో ఇనుము తీసిన చాలాచోట్ల చుట్టుపక్కల అడవి కరిగిపోయింది. ఇంగ్లండ్‌లో కట్టె ధర పెరిగిపోయి ఇబ్బంది పడుతున్న కాలంలోనే, 1709లో, కోల్‌బ్రుక్‌డేల్‌లో అబ్రహాం డార్బీ గని బొగ్గును గాలి తగలకుండా కాల్చి గట్టి కోక్‌గా మార్చి దాంతో ఇనుము తీశాడు. ఒక రకంగా అడవిని బతికించింది రాక్షసి బొగ్గే. ఇప్పుడు మనం వెనక్కి కట్టె దగ్గరికి పోదామంటున్నాం కాబట్టి ఈ సంగతి మర్చిపోతే కుదరదు. అప్పట్లో చేసింది వేల టన్నుల్లో, ఇప్పుడు కోట్ల టన్నుల్లో.

ఇక పెద్ద ఫర్నేస్‌ల సంగతి. మా ల్యాబ్‌కి వచ్చే పిల్లలకు నేనొక పని చెప్తాను. ఒక చేతిలో కోక్ ముక్క, ఇంకో చేతిలో కర్రబొగ్గు ముక్క పెట్టి, రెండూ గచ్చు మీద పడేయమంటాను. కోక్ ఖంగుమని మోగి ఎగిరి పక్కన పడుతుంది. కర్రబొగ్గు చిన్న చప్పుడుతో మూడు ముక్కలవుతుంది, వేలితో నొక్కితే ఇంకా నలుగుతుంది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ చేసే పనులు మూడు: కాలి వేడి ఇస్తుంది, ఆక్సిజన్‌ను లాగుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా పైనున్న వేల టన్నుల సరుకును మోస్తూ మధ్యలో గాలి పోవడానికి సందులు ఉంచుతుంది. మిగతావన్నీ కరిగే చోట కూడా కరగకుండా నిలబడేది అదొక్కటే. విశాఖ ఉక్కులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు ఫర్నేస్‌లున్నాయి, ఒక్కొక్కటి మూడు వేల ఘనపు మీటర్లు దాటిన పెద్ద కొలుములు. అంత ఎత్తు సరుకు కింద కర్రబొగ్గు పెడితే పొడైపోతుంది, గాలి ఆడదు, ఫర్నేస్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. అందుకే కోక్‌ను పూర్తిగా తీసేసి బయోచార్ పెడతామని ఎవరైనా అంటే నమ్మొద్దు.

మరి ఎక్కడ పెట్టొచ్చు? ఫర్నేస్ కింది భాగంలో చుట్టూ ట్యుయర్లు ఉంటాయి, కమ్మరి కొలిమికి తిత్తి గొట్టం ఎలాగో వీటికి అవి అలాగ. వాటిలోంచి వేడి గాలితో పాటు పొడి బొగ్గును కూడా లోపలికి ఊదుతారు. ఈ పొడి బొగ్గుకు మోయాల్సిన పని లేదు, కాలితే చాలు. కాబట్టి ఇక్కడ బయోచార్ సరిపోతుంది. లెక్క వేసుకుందాం. టన్ను హాట్ మెటల్‌కు, అంటే ఫర్నేస్‌లోంచి వచ్చే కరిగిన ఇనుముకు, 150 కిలోల పొడి బొగ్గు ఊదుతున్నారనుకోండి, అందులో 120 కిలోలు కార్బన్ అనుకుంటే దాని నుంచి 440 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అదంతా బయోచార్‌తో మార్చగలిగితే ఫర్నేస్ కార్బన్‌లో సుమారు ఐదో వంతు తగ్గినట్టు. చిన్న సంఖ్య కాదు. అయితే ఏడాదికి 10 లక్షల టన్నుల హాట్ మెటల్ చేసే ఫర్నేస్‌కు లక్షన్నర టన్నుల బయోచార్ కావాలి, దానికి 5 లక్షల టన్నుల ఎండుకట్టె కావాలి, పత్తికట్టె ఎకరాకు ఒక టన్ను అటూఇటుగా వస్తుంది కాబట్టి 5 లక్షల ఎకరాల పత్తి చేలు కావాలి. ఒక్క ఫర్నేస్‌కి! తెలంగాణలో పత్తి వేసేది 40 లక్షల ఎకరాలకు పైనే, కాబట్టి కాగితం మీద సరుకు ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ అన్ని లక్షల ఎకరాల్లోంచి కట్టె పోగుచేసి, బొగ్గు చేసి, ఏడాది పొడుగునా ఒకే నాణ్యతతో విశాఖ దాకా పంపే ఏర్పాటు ఎవరి దగ్గరా లేదు. జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ వాళ్లు ఈ ట్యుయర్ల దారిలోనే బయోచార్ ఊదడం మొదలుపెట్టారు, కొద్ది మోతాదులో. బెల్జియంలోని ఘెంట్‌లో ఆర్సెలర్ మిత్తల్ ప్లాంటులో అయితే ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే పాత చెక్క, విరిగిన ఫర్నిచర్ తెచ్చి కొద్దిగా వేయించినట్టు చేసి ఫర్నేస్‌లోకి పంపే ఏర్పాటు చేశారు. కోక్ చేసే బొగ్గులో కూడా రెండు మూడు శాతం కలపొచ్చు, అంతకు మించితే కోక్ బలం తగ్గుతుంది.

దీని గురించి ఎవరు మాట్లాడినా బ్రెజిల్ పేరు తెస్తారు, తేవాలి కూడా. వాళ్లకూ మనలాగే మంచి ఖనిజం ఉంది, మంచి కోకింగ్ బొగ్గు, అంటే కోక్ చేయడానికి పనికొచ్చే బొగ్గు, లేదు. మనం దాన్ని ఓడల్లో ఎక్కువగా ఆస్ట్రేలియా నుంచి దిగుమతి చేసుకుంటున్నాం. వాళ్లు మినాస్ జెరైస్ రాష్ట్రంలో జామాయిల్ తోటలు వేసి, ఏడేళ్లకోసారి కొట్టి, బట్టీల్లో కాల్చి, ఆ బొగ్గుతోనే చిన్న చిన్న బ్లాస్ట్ ఫర్నేస్‌లు నడుపుతున్నారు. టిమోటియోలోని అపెరామ్ ప్లాంటు 2011 నుంచి కోక్ మానేసి పూర్తిగా కర్రబొగ్గు మీదే నడుస్తోంది. ఇది మెచ్చుకోవాల్సిన పనే. కానీ అదే బ్రెజిల్‌లో కరాజాస్ వైపు చిన్న పిగ్ ఐరన్ (ముడి ఇనుము) కంపెనీల కోసం తోటలు కాకుండా అడవినే నరికి బొగ్గు చేసిన చరిత్ర కూడా ఉంది, ఆ బట్టీల దగ్గర కూలీలను వెట్టిచాకిరీ లాంటి బతుకుల్లో ఉంచారని అక్కడి ప్రభుత్వమే దాడులు చేసి విడిపించిన సందర్భాలున్నాయి. బయటికి వచ్చాక రెండు బొగ్గులూ ఒకేలా ఉంటాయి. ల్యాబ్‌లో నేను ఎంత పరీక్ష చేసినా ఇది తోటదా, అడవిదా అని చెప్పలేను. నాకు భయం వేసేది ఇక్కడే.

ఇప్పుడు మా కిల్న్ సంగతికి వస్తాను, నాకు బాగా తెలిసింది ఇదే. స్పాంజ్ ఐరన్ తయారీలో ప్రపంచంలో మొదటి స్థానం మనదే, మన దగ్గర ఎక్కువ భాగం గని బొగ్గుతో నడిచే రోటరీ కిల్న్‌లదే. దేశంలో బొగ్గుతో నడిచే మొదటి ప్లాంటు కూడా మన పాల్వంచలోనే, 1980లో, సింగరేణి బొగ్గును నమ్ముకుని మొదలైంది. కోకింగ్ బొగ్గు అక్కర్లేకుండా, మామూలు బొగ్గుతో ఇనుము చేయొచ్చని దేశానికి చూపించింది అదే. రోజుకు 100 టన్నుల కిల్న్ అంటే 42 మీటర్ల పొడుగు గొట్టం, కొద్దిగా వాలుగా పడుకోబెట్టి ఉంటుంది, మెల్లగా తిరుగుతూ ఉంటుంది. ఒక చివర ఖనిజం, బొగ్గు, కాస్త డోలమైట్ వేస్తారు, ఇంకో చివర నుంచి ఇంజెక్షన్ కోల్ అని ఇంకొంత బొగ్గు గాలితో లోపలికి విసురుతారు. వెయ్యి డిగ్రీల దగ్గర ఖనిజం కరగకుండానే ఆక్సిజన్ వదిలి స్పాంజ్ ఐరన్ అవుతుంది.

చూడండి, ఇక్కడ బొగ్గు దేన్నీ మోయనక్కర్లేదు. కర్రబొగ్గుకు ఉన్న పెద్ద లోపం ఇక్కడ లోపమే కాదు. పైగా త్వరగా రియాక్ట్ అవుతుంది, మాకు కావాల్సింది అదే. గంధకం దాదాపు ఉండదు, మామూలుగా గంధకాన్ని పట్టడానికే డోలమైట్ వేస్తాం కాబట్టి అదీ కొంత తగ్గించుకోవచ్చు. మాకు వచ్చే బొగ్గులో మూడో వంతు బూడిదే, అది కిల్న్‌లో ఊరికే వేడెక్కి డోలోచార్‌తో (కిల్న్‌లో కాలకుండా మిగిలిన బొగ్గు చెత్తతో) పాటు బయటికి పోతుంది. మంచి కట్టెబొగ్గులో బూడిద ఐదు శాతం లోపే. ఇంకో మాట, దేశంలో ఈ కిల్న్‌లు ఒడిశా, ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్, బళ్లారి చుట్టుపక్కల చిన్న ఊళ్లలో ఉన్నాయి, చాలా వాటికి నాలుగు దిక్కులా పొలాలే.

లెక్క కూడా చేతికి అందేలా ఉంటుంది. బొగ్గు కార్బన్‌లో పదో వంతు మార్చాలంటే టన్ను స్పాంజ్‌కు 75 కిలోల బయోచార్ చాలు, దాంతో దాదాపు 200 కిలోల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. 100 టన్నుల కిల్న్‌కు రోజుకు ఏడున్నర టన్నుల బయోచార్, ఏడాదికి ఎనిమిది, తొమ్మిది వేల టన్నుల కట్టె. పత్తి బాగా వేసే ఒక మండలంలో దొరికిపోతుంది. 5 లక్షల ఎకరాలు ఎక్కడ, ఒక మండలం ఎక్కడ.

అలాగని పెట్టగానే పని అయిపోలేదు. మా దగ్గర ట్రయల్ చేసినప్పుడు మొదటి తలనొప్పి బరువు. బయోచార్ దూది లాంటిది, ఇంజెక్షన్‌లో వేస్తే లోపలికి దూరం పోకుండా దగ్గర్లోనే పడి కాలిపోయింది, అక్కడ టెంపరేచర్ ఒక్కసారిగా లేచింది, కంట్రోల్ రూమ్‌లో అందరికీ టెన్షన్. అలా ఒకచోట వేడి ఎక్కువైతే కిల్న్ గోడకు సరుకు అంటుకుని రింగు కడుతుంది, రింగు పెద్దదైతే కిల్న్ ఆపి, చల్లార్చి, మనుషులు లోపలికి దిగి కొట్టాలి. పంట కట్టెల బూడిదలో పొటాష్ ఎక్కువ, అది కరిగే గుణం ఉన్నది కాబట్టి ఈ రింగు భయం ఇంకొంచెం ఎక్కువ. రెండో తలనొప్పి గోడౌన్‌లో వచ్చింది. కొత్తగా చేసిన బయోచార్ గాలి పీల్చుకుంటూ దానంతటదే వేడెక్కుతుంది. తెచ్చిన రెండో రోజు రాత్రి బస్తాల మధ్యలోంచి సన్నగా పొగ కనపడింది, వాచ్‌మన్ చూసి పిలిచాడు కాబట్టి సరిపోయింది. బస్తాలన్నీ బయటికి లాగి పరిచేసరికి తెల్లారింది. ఆ తర్వాత నుంచి కాల్చాక రెండు రోజులు గాలికి ఆరబోసి, అప్పుడే బస్తాకెత్తాలని రూలు పెట్టుకున్నాం. బరువు సంగతికి బ్రికెట్లు, అంటే ఒత్తిన ముద్దలు, చేయడమే దారి, చక్కెర ఫ్యాక్టరీ మొలాసిస్ కలిపి ఒత్తితే ఇంజెక్షన్‌లో బాగానే దూరం పోతున్నాయి. ఖర్చు పెరుగుతుంది, నిజమే.

మా షిఫ్టులో ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, ఇది కాలినా వచ్చేది అదే గ్యాస్ కదా, మరి తగ్గేదేంది?" అని. మంచి ప్రశ్న, చాలామందికి వస్తుంది. చిమ్నీ దగ్గర కొలిస్తే తేడా ఉండదు. తేడా ఆ కార్బన్ ఎక్కడి నుంచి వచ్చిందన్న దాంట్లో ఉంది. సింగరేణి బొగ్గు 25 కోట్ల ఏళ్లకు ముందే పాతరేసిన కార్బన్, దాన్ని తీసి కాలిస్తే గాల్లో కొత్తగా చేరినట్టు. పత్తికట్టెలోది పోయిన వానాకాలం మా చేను మీద గాల్లోంచే మొక్క పీల్చింది. ఎలాగూ ఎండాకాలం లోపు చేనులో కాల్చేస్తారు, అప్పుడైనా పైకి పోయేదే. దాన్నే కిల్న్ దాకా తెచ్చి ఒక పని చేయించుకుని పంపితే, ఆ మేరకు గని బొగ్గు భూమిలోనే ఉంటుంది. చెట్టు నరికి చేస్తే ఈ లెక్క తప్పుతుంది, ముప్పై ఏళ్లుగా దాచుకున్న కార్బన్‌ను ఒక్కరోజులో వదిలి, మళ్లీ ముప్పై ఏళ్లు ఆగాలి. దీనికి ఒక్క మినహాయింపు నాకు ఒప్పుకోబుద్ధవుతుంది, సర్కారు తుమ్మ. పాలమూరులో, ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో చెరువు శిఖాలూ బీళ్లూ అన్నీ కమ్మేసింది, కొట్టినా మొదట్లోంచి మళ్లీ మళ్లీ చిగురిస్తుంది, దాన్ని కొట్టి బొగ్గు కాల్చి బతికే కుటుంబాలు ఇప్పటికే ఉన్నాయి. కాకపోతే వాళ్ల మట్టి బట్టీల్లోంచి రోజుల తరబడి వచ్చే పొగలో మీథేన్ ఉంటుంది, అది కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్లకు పైగా వేడి పట్టే గ్యాస్. ఆ పొగ పీల్చేది కూడా వాళ్లే, వాళ్ల పిల్లలే. పొగను తిరిగి మంటలోకే పంపి కాల్చేసే బట్టీలు వాళ్లకు ఇవ్వకుండా వాళ్ల బొగ్గు కొని గ్రీన్ స్టీల్ అని ముద్ర వేసుకోవడం నాకు నచ్చదు.

మాది వరంగల్ వైపు పత్తి పండే ఊరు. జనవరి దాటితే పత్తి ఏరడం అయిపోతుంది, కట్టె మిగులుతుంది. గులాబీ రంగు పురుగు ఆ ఎండు కాయల్లోనే దాక్కుని వచ్చే ఏడు పంట మీదికి దిగుతుందని, కట్టె చేనులో ఉంచొద్దని వ్యవసాయ అధికారులు ఏటా చెప్తారు. కొందరు రోటావేటర్‌తో ముక్కలు చేసి దున్నుతారు, అది మంచి పని. చాలామంది పీకి కుప్పేసి అగ్గిపెడతారు. సాయంత్రం పూట మా ఊరి చుట్టూ ఎటు చూసినా పొగే.

పోయిన ఏడాది నేను సెలవు పెట్టి వెళ్లి, హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని క్రిడా (కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ) వాళ్లు రైతుల కోసం చేసిన డ్రమ్ము బట్టీ లాంటిదే ఒకటి వెల్డింగ్ షాపులో చేయించాను. రెండొందల లీటర్ల పాత ఆయిల్ డ్రమ్ము, అడుగున గాలి రంధ్రాలు, పైన కట్టె వేయడానికి చదరపు కంత. పైనుంచి ముట్టించి, పొగ తెల్లగా దట్టంగా వస్తున్నంతసేపు ఆగి, అది పల్చబడి నీలంగా మారగానే పైన మూత, కింద మట్టి వేసి గాలి బిగించాలి. మొదటిసారి నేను ఆలస్యం చేశాను, మూత తీస్తే సగం బూడిదే. రెండోసారి బాపు వచ్చి పక్కన కూర్చున్నాడు. "మంట కాదురా, పొగను చూడు. బొగ్గు బట్టీలోళ్లు రాత్రి లేచి పొగనే చూస్తరు" అన్నాడు. ఆయన చెయ్యి ఎత్తినప్పుడు మూత వేశాను. మర్నాడు పొద్దున తీస్తే పుల్లలు పుల్లలుగానే ఉన్నాయి, నల్లగా మెరుస్తూ, చేత్తో కదిపితే గాజుముక్కల్లా గలగలమన్నాయి. వేసిన కట్టెలో నాలుగో వంతు బరువు వచ్చింది. ట్రాక్టర్ నిండా కట్టె వేసినా బరువు తూగదు, కిరాయే దండగ అని ఊళ్లో అందరికీ తెలిసిన బాధ, బొగ్గు చేస్తే అదే సరుకు నాలుగు బస్తాల్లో ఇమిడింది. అందుకే ఈ కాల్చే పని ప్లాంటు దగ్గర కాకుండా ఊరి దగ్గరే జరగాలని నేను గట్టిగా అంటాను. డబ్బు కూడా కొంత ఊళ్లోనే మిగులుతుంది.

ఊళ్లో ఒకాయన ఇంకో మాట అడిగాడు, అదీ న్యాయమైనదే. కట్టె అంతా మీ ఫ్యాక్టరీకే పోతే మా భూమికి ఏం మిగులుతుంది అని. బయోచార్‌ను నేలలో కలిపితే ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది, తేమ పట్టి ఉంచుతుంది, కార్బన్‌లో చాలా భాగం గాల్లోకి పోదు. కిల్న్‌లో కాల్చడం కంటే అదే మేలని వాదించేవాళ్లున్నారు, వాళ్లది తప్పని నేననను. నేను చేస్తున్నది ఇది: జల్లెడ పట్టి గట్టి ముక్కలు కిల్న్‌కు, కింద పడిన పొడి, బూడిద కలిసింది చేనుకు. పొటాష్ ఎక్కువ ఉండేది ఆ పొడిలోనే, మా కిల్న్‌కు చెరుపు చేసేదీ చేనుకు మేలు చేసేదీ అదే. అన్ని చేల కట్టె ఏటా తీయకుండా ఏడాది విడిచి ఏడాది తీయాలని కూడా అనుకుంటున్నాం. వరి ఊక జోలికి మాత్రం పోలేదు, దాంట్లో ఐదో వంతు బూడిద, అంతా ఇసుక లాంటి సిలికా, ఇనుముకు అది భారమే.

ఊరి నుంచి తెచ్చిన సంచిని ల్యాబ్‌లో రిజిస్టర్‌లోకి ఎక్కించేటప్పుడు ఒకచోట ఆగాను. శాంపిల్ ఏ గని నుంచి వచ్చిందో రాసే గడి ఉంటుంది. అందులో మా ఊరి పేరు రాశాను. తేమ బాగానే ఉంది, ఫిక్స్‌డ్ కార్బన్ అనుకున్నంత వచ్చింది, బూడిద మాత్రం నేను లెక్కేసుకున్న దానికి రెట్టింపు. రెండోసారి, మూడోసారి చేశాను, అంతే. మఫుల్ ఫర్నేస్ అనే ల్యాబ్ కొలిమిలోంచి తీసిన మూసలో బూడిద తెల్లగా ఉండాల్సింది, ఎర్రటి చారలతో ఉంది. ఏ పొటాష్, ఏ సిలికా అని రెండు రోజులు కాగితాల్లో వెతికి, ఆదివారం ఫోన్‌లో బాపుకు చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆగాడు.

"వేర్లతోని పీకినం కదరా. వేర్లకు పట్టిన మన్ను యాడికి పోతది?"

మా చేను ఒక మూల చెల్క, ఎర్రమట్టి. శాంపిల్ ఆ మూలదే. మళ్లీ సంచి విప్పి చూస్తే వేరు ముక్కల సందుల్లో మట్టి అలాగే కాలి గట్టిపడి ఉంది. పురుగు భయానికి కట్టెను వేరుతో పీకాల్సిందే, కానీ వేరును బొగ్గు చేయనక్కర్లేదు. ఈ ఏడు బాపు కట్టె పీకించాక గొడ్డలితో వేర్లు నరికించి గట్టు మీద వేరే కుప్ప పెట్టించాడు, వంటచెరుకుకు పనికొస్తాయని అడిగినవాళ్లకు ఇచ్చేస్తున్నాడు. పై కట్టె పందిరి కింద ఎండుతోంది. వచ్చే వారం వెళ్తున్నాను, ఈసారి రెండు డ్రమ్ములు.